ఎంత ఖర్చు పెడితే పక్కవాడు ఆగుతాడు?

జీడీపీలో రెండు శాతం చాలదు, మూడు శాతం కావాలి. రక్షణ బడ్జెట్ మాట ఎత్తితే చాలు, టీవీల్లో ఈ వాదనే వినిపిస్తుంది. రిటైరైన జనరల్స్ మూడంటారు. ఆర్థిక శాఖ వైపు వాళ్లు రెండు దగ్గరే గీత గీస్తారు. మధ్యలో ఎవరో ఒకాయన చైనా ఎంత పెడుతోందో తెలుసా అని గొంతు పెంచుతాడు. బరంపురం టీకొట్ల దగ్గర ఇదే గొడవ సగం తెలుగులో, సగం ఒడియాలో నడుస్తుంది. ఇన్ని మాటల్లోనూ ఒక్క ప్రశ్న మాత్రం రాదు: ఆ మూడో శాతం ఖర్చు పెడితే ఎవరు, ఏ పని చెయ్యకుండా ఆగుతారు?

ముందు అంకెలు చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకి కేటాయించింది 6.81 లక్షల కోట్ల రూపాయలు, జీడీపీలో దాదాపు 1.9 శాతం. ప్రపంచ దేశాల సైనిక ఖర్చు లెక్కగట్టే స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి ప్రకారం 2024లో అమెరికా 99,700 కోట్ల డాలర్లు, చైనా సుమారు 31,400 కోట్లు, రష్యా 14,900 కోట్లు, జర్మనీ 8,850 కోట్లు, మనం 8,610 కోట్లు పెట్టాం. అంటే ఐదో స్థానం. పాకిస్తాన్ ఖర్చు 1,020 కోట్లు. సిప్రి లెక్కకీ మన బడ్జెట్ లెక్కకీ సరిగ్గా పొంతన కుదరదు. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి దళాల ఖర్చు మన దగ్గర హోం శాఖ పద్దులో ఉంటుంది. సిప్రి దాన్ని కూడా సైనిక ఖర్చులో కలుపుతుంది. చూడ్డానికి చిన్న విషయమే గానీ చివర్లో ఒడిశా అడవుల్లోని మల్కన్‌గిరి జిల్లా దాకా వెళ్లాక దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక ఈ శాతాలు ఎక్కడ పుట్టాయి? అందరి నోటా నానిన రెండు శాతం, అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటోది. 2006లో వాళ్ల రక్షణ మంత్రులు అనుకున్నారు, 2014లో వేల్స్ సమావేశంలో కాగితం మీద పెట్టారు. రష్యా దగ్గర ఎన్ని ట్యాంకులున్నాయి, వాటిని ఆపడానికి ఏమేం కావాలి అని కూర్చుని తేల్చిన అంకె కాదది. ఎవరి వాటా వాళ్లు మొయ్యాలి, అమెరికా ఒక్కదాని నెత్తినే వెయ్యకూడదు అన్న పంచాయితీలో కుదిరిన అంకె. 2025 జూన్‌లో హేగ్‌లో దాన్ని 2035 నాటికి 5 శాతం చేస్తామన్నారు. అందులో 3.5 నేరుగా సైన్యానికి, 1.5 రోడ్లు, వంతెనలు, సైబర్ భద్రత లాంటి వాటికి. జపాన్ 1976లో ఒక శాతం దాటబోమని పెట్టుకున్న హద్దు కూడా అంతే, లోపలి రాజకీయం కోసం గీసుకున్న గీత. 1987లో దాన్ని కాగితం మీద ఎత్తేసినా చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కలే ఉండి, 2022లో మాత్రం 2027కల్లా రెండు శాతానికి వెళ్తామన్నారు.

జీతంలో ఎంత శాతం మందులకి పెట్టాలండీ అని డాక్టర్ని అడిగితే, ముందు జబ్బేంటో చెప్పమంటాడు. ఇదీ అలాంటిదే. జీడీపీలో శాతం అనేది మనం ఎంత భరించగలమో చెబుతుంది. అవతలివాడు ఆగుతాడో లేదో చెప్పదు. యుక్రెయిన్ 2021లో తన జీడీపీలో 3 శాతం పైనే సైన్యానికి పెట్టింది. నాటో గీత కంటే ఎక్కువే. అయినా 2022 ఫిబ్రవరిలో రష్యా దిగింది. 2024లో యుక్రెయిన్ సైనిక ఖర్చు జీడీపీలో 34 శాతం. నిలువరించడం విఫలమైతే బిల్లు ఎంతవుతుందో తెలియాలంటే ఆ అంకె చాలు.

నిలువరించడం అంటే అవతలివాడి లెక్కని మార్చడం. దాడి చేస్తే నెగ్గలేనని వాడికి అనిపించాలి. లేదా నెగ్గినా ఆ తర్వాత పడే దెబ్బ తట్టుకోలేనని అనిపించాలి. మొదటిదానికి సరిహద్దులో మనుషులు, రోడ్లు, రాడార్లు కావాలి. రెండోదానికి దూరం వెళ్లే క్షిపణులు, విమానాలు, అణ్వాయుధాలు కావాలి. ఈ రెండూ ఉన్నా, వీళ్లు నిజంగా వాడతారు అన్న నమ్మకం అవతలివాడికి కలగకపోతే అంతా దండగ. ఆ నమ్మకం బడ్జెట్ పుస్తకంలో దొరకదు.

ఫాక్‌ల్యాండ్స్ కథ ఈ విషయంలో నాకు మిగతా వాటికంటే బాగా నచ్చుతుంది. అర్జెంటీనాకి దగ్గర్లో, బ్రిటన్‌కి సుమారు 13,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రిటిష్ దీవులవి. 1980ల మొదట్లో బ్రిటన్ తన జీడీపీలో 5 శాతం దాకా రక్షణకి పెట్టేది. చేతిలో అణ్వాయుధాలున్నాయి, నౌకాదళానికి శతాబ్దాల పేరుంది. అర్జెంటీనాతో పోలికే లేదు. కానీ ఆ దీవుల్లో కాపలాకి ఉన్నది గుప్పెడు మెరైన్లు, ఆ సముద్రంలో తిరిగేది హెచ్‌ఎంఎస్ ఎండ్యూరెన్స్ అనే ఒకే ఒక్క గస్తీ ఓడ. 1981లో ఖర్చు తగ్గించుకునే సమీక్షలో ఆ ఓడని కూడా వెనక్కి పిలిచేస్తామని బ్రిటన్ ప్రకటించింది. మొత్తం రక్షణ బడ్జెట్‌లో అదొక చిల్లర మొత్తం. బ్యూనస్ ఐర్స్‌లో సైనిక పాలకులకి మాత్రం అందులో వేరే అర్థం కనబడింది: వీళ్లకి ఆ దీవుల మీద మనసు లేదు. 1982 ఏప్రిల్ 2న దిగారు. జూన్ 14 నాటికి బ్రిటన్ దీవుల్ని తిరిగి తీసుకుంది. ఈలోపు బ్రిటన్ వైపు 255 మంది, అర్జెంటీనా వైపు 649 మంది సైనికులు పోయారు. తర్వాత బ్రిటన్ అక్కడ కొత్తగా వైమానిక స్థావరమే కట్టుకుంది.

ఐదు శాతం ఆపలేకపోయింది. ఒక ఓడ ఆపేదేమో. ఏ మూల ఏది కనబడితే అవతలివాడు వెనకాడతాడు అన్నదే అసలు లెక్క.

ఇదే కొలతతో మన పరిస్థితి చూస్తే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. పాకిస్తాన్ కంటే మనం ఎనిమిది రెట్ల పైన ఖర్చు పెడుతున్నాం. చైనా మనకంటే మూడున్నర రెట్ల పైన పెడుతోంది. ఖర్చు నిష్పత్తే అన్నీ తేల్చేదైతే పాకిస్తాన్ మన జోలికి రాకూడదు, చైనాని మనం ఎక్కడా ఆపలేకపోవాలి. రెండూ జరగలేదు.

పాకిస్తాన్ సంగతి. 1998 మేలో మనం పోఖ్రాన్‌లో, వాళ్లు చాగయ్‌లో అణు పరీక్షలు చేశాం. ఇక యుద్ధాలుండవని చాలామంది అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి కార్గిల్. చలికాలంలో మన సైన్యం ఖాళీ చేసి దిగివచ్చే శిఖరాల మీదికి వాళ్లు ఎక్కి కూర్చున్నారు. ఆ లెక్కలో కొంత తెలివి ఉంది కూడా: ఇంత చిన్న పనికి భారత్ అణుయుద్ధం దాకా వెళ్లదు, ఎత్తు మీద ఉన్నాం కాబట్టి కింద నుంచి దించడం కష్టం. దించాం, 527 మంది సైనికుల్ని పోగొట్టుకుని. తర్వాత లేహ్‌లో 14వ కోర్ అనే సైనిక విభాగం ఏర్పాటైంది, ఆ ఎత్తుల మీద ఏడాది పొడవునా మనుషుల్ని ఉంచడం మొదలైంది. అణ్వాయుధం పెద్ద యుద్ధాన్ని ఆపుతుంది, దాని కింద చిన్న దాడులకి తలుపు తెరిచే ఉంచుతుంది. ఆ తలుపు మూయాలంటే బాంబు పనికిరాదు. చలికాలం బంకరు, కిరోసిను, హెలికాప్టరు, మంచు బూట్లు కావాలి. ఏటా కావాలి.

ఉగ్రవాద దాడుల దగ్గర ఈ లెక్క ఇంకా క్లిష్టం. 2008 ముంబైలో 166 మంది, 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మంది చనిపోయారు. తుపాకి పట్టుకుని వచ్చేవాడు చావడానికి సిద్ధపడి వస్తాడు. వాణ్ణి పంపేవాడు నాకేం తెలీదంటాడు. రఫేల్ విమానాలు ఇంకో రెండు స్క్వాడ్రన్లు కొంటే ఆ మొదటివాడు ఆగడు. పంపేవాడికి ఖరీదు పెరగాలి, లోపల పోలీసు, నిఘా బాగుండాలి. మే 7న మొదలైన ఆపరేషన్ సిందూర్ ఆ ఖరీదు పెంచే ప్రయత్నమే. పెరిగిందా లేదా అన్నది కొన్నేళ్లు గడిస్తే గానీ తేలదు. ఇప్పుడే తేలిపోయిందని గట్టిగా చెప్పేవాళ్లని నేను నమ్మను.

చైనా సంగతి తిరగేసి ఉంటుంది. 1962కి ముందు మన రక్షణ ఖర్చు జీడీపీలో రెండు శాతం చుట్టుపక్కల ఉండేది. ఓడిపోయాక ఏడాది రెండేళ్లలో నాలుగు శాతం దగ్గరికి వెళ్లింది. పర్వత డివిజన్లు పెట్టాం. 1967లో సిక్కిం సరిహద్దు కనుమలు నాథూ లా దగ్గర, చో లా దగ్గర చైనా మళ్లీ తలపడినప్పుడు మనవాళ్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు. అప్పటికీ చైనా సైన్యం మనకంటే పెద్దదే. ఆ కనుమ దగ్గర ఫిరంగులు, ఎత్తు, వెనకాడని కమాండర్లు మనవైపు ఉన్నారు, అంతే తేడా.

2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది పోయారు. వాళ్లలో సూర్యాపేట కుర్రాడు కల్నల్ సంతోష్ బాబు ఒకరు. మన జిల్లాల్లో ఆ వార్త సొంతింటి చావులా పాకింది. ఆ తర్వాత ఏం జరిగిందో మాత్రం అంతగా చర్చకి రాలేదు. అదే ఏడాది ఆగస్టు చివర్లో మన సైన్యం పాంగాంగ్ సరస్సుకి దక్షిణాన కైలాస్ శిఖరాలు ఆక్రమించి కూర్చుంది. ఆ ఎత్తు చేతిలో ఉండబట్టే 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్ ఒడ్ల నుంచి ఇద్దరూ వెనక్కి తగ్గే ఒప్పందం కుదిరింది. అంత త్వరగా మనుషుల్ని, ట్యాంకుల్ని అక్కడికి చేర్చగలిగామంటే రోడ్లుండబట్టే. అదే లద్దాఖ్‌లో, ఇంకా ఉత్తరానికి దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల రోడ్డు వెయ్యడానికి దాదాపు ఇరవయ్యేళ్లు పట్టింది. రక్షణలో రోడ్డు పనికి పేరు రాదు. విమానానికే ఫొటో వస్తుంది.

ఇప్పుడు మా గంజాం జిల్లాకి వద్దాం. బరంపురం నుంచి గోపాలపురం వెళ్లే దారికి పక్కనే గొళబంధలో సైన్యం వారి ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. విమానాల్ని, డ్రోన్లని నేల మీద నుంచి కూల్చే జవాన్లకి, ఆఫీసర్లకి ఇక్కడే శిక్షణ. 1989లో మహారాష్ట్రలోని దేవలాలి నుంచి ఇక్కడికి మారింది. కారణం సులువే: గుళ్లు వెళ్లి పడడానికి ఎదురుగా బంగాళాఖాతం ఉంది. ఫైరింగ్ ఉన్న రోజుల్లో ఫలానా గంటల మధ్య ఫలానా దూరం లోపలికి బోట్లు వెళ్లకూడదని ముందే నోటీసు వస్తుంది. తీరంలో ఉండేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే జాలరులే, ఒడియా వాళ్లు నోళియాలంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరబోట్లకి వేట నిషేధం. ఋషికుల్య మొగ వైపు తాబేళ్ల కోసం నవంబరు నుంచి మే దాకా ఇంకో నిషేధం. మిగిలిన రోజుల్లోంచి ఫైరింగ్ రోజులు తీసేయాలి. "ఆ గుళ్లు శత్రువుకి తగుల్తాయో లేదో గానీ బాబూ, మా వేట రోజులకైతే తగుల్తన్నాయి" అన్నాడు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన. దేశ రక్షణకి ఆయన కడుతున్న వాటా ఏ శాతంలోనూ కలవదు.

ఇక్కడ నేర్చుకునే తుపాకుల్లో ఎల్-70 ఒకటి. స్వీడన్ బోఫోర్స్ డిజైన్, 40 మిల్లీమీటర్ల గుండు, మన సైన్యంలోకి 1960ల్లో వచ్చింది. నిమిషానికి మూడొందల గుళ్ల దాకా పేలుస్తుంది, మూడున్నర నాలుగు కిలోమీటర్ల దూరం కొడుతుంది. క్షిపణుల యుగంలో ఇవెందుకు, పాత సామాను అమ్మెయ్యొచ్చు కదా అన్నవాళ్లు చాలామందే ఉండేవాళ్లు. పారెయ్యలేదు. భారత్ ఎలక్ట్రానిక్స్ వాటికి కొత్త సెన్సర్లు, రాత్రిపూట కూడా లక్ష్యాన్ని వెంటాడే కెమెరాలు, ఆటోమేటిక్ గురి బిగించింది. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్ల మీదికి సుమారు 300 నుంచి 400 డ్రోన్లు వదిలిందని మన అధికారులు ప్రకటించారు. వాటిని కూల్చినవాటిలో ఈ ఎల్-70లు, రష్యా డిజైన్ జెడ్‌యూ-23 తుపాకులు ఉన్నాయి.

ఇందులో డబ్బు లెక్క జాగ్రత్తగా చూడాలి. ఇరాన్ డిజైన్ షాహెద్ లాంటి దాడి డ్రోను ఖరీదు 20,000 నుంచి 50,000 డాలర్ల మధ్య ఉంటుందని అంచనాలు. అమెరికా పేట్రియట్ క్షిపణి ఒక్కటి సుమారు 40 లక్షల డాలర్లు. డ్రోనుని పేట్రియట్‌తో కూల్చిన ప్రతిసారీ తెరమీద మనం గెలిచినట్టు కనిపిస్తాం, ఖాతాలో ఓడిపోతాం. అవతలివాడికి కావలసింది కూడా అదే: చవక డ్రోన్లు పంపి ఖరీదైన క్షిపణులు ఖాళీ చేయించడం, తర్వాత అసలు దాడి. 40 మిల్లీమీటర్ల గుండు ఉన్నచోట ఆ ఎత్తు పారదు. మనం రష్యా నుంచి ఎస్-400 అనే గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థలు ఐదింటికి 2018లో 540 కోట్ల డాలర్ల పైన ఒప్పందం రాసుకున్నాం. అవి దండగ అనడం లేదు. దూరంగా ఉన్న యుద్ధ విమానానికి, పెద్ద క్షిపణికి అవే కావాలి. కానీ ఎస్-400 ఒక్కటే ఉండి ఎల్-70 లేకపోతే, ఎక్కువ ఖర్చుపెట్టి తక్కువ నిలువరించినట్టు. పైగా యుక్రెయిన్ యుద్ధం వల్ల ఎస్-400ల రాక కూడా అనుకున్న టైముకి జరగలేదు. మన డబ్బు సిద్ధంగా ఉంది, అవతల ఫ్యాక్టరీ సిద్ధంగా లేదు.

ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి, సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ జిల్లాలోకి వెళ్తే సునాబెడ. అక్కడ హిందుస్తాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల విభాగం ఉంది, ఊరంతా దాని చుట్టూ పెరిగిందే. టౌన్‌షిప్‌లో తెలుగు బాగానే వినిపిస్తుంది. 1964లో మిగ్-21 ఇంజన్లు చెయ్యడానికి పెట్టారు. మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబర్ 26న సెలవు తీసుకున్నాయి. ఇప్పుడు అక్కడ పని సుఖోయ్-30 ఇంజన్లది. 2024 సెప్టెంబర్‌లో రక్షణ శాఖ 240 ఇంజన్లకి 26,000 కోట్ల పైన ఆర్డర్ ఇచ్చింది. అంటే ఒక్కో ఇంజన్ నూరు కోట్ల పైమాటే, ఒక్కో విమానానికి రెండు. ఏడాదికి 30 చొప్పున ఎనిమిదేళ్లు. రేపు పార్లమెంటు ఏకగ్రీవంగా రెట్టింపు డబ్బిచ్చినా, ఎల్లుండికల్లా సునాబెడలో ఏడాదికి 60 ఇంజన్లు రావు. ఆ పనికి మనుషులు తయారవడానికి ఏళ్లు పడుతుంది. మిషన్లు, ముడిలోహం, రష్యా నుంచి రావలసిన విడిభాగాలు కూడా సమకూరాలి.

వైమానిక దళానికి మంజూరైనవి 42 యుద్ధ స్క్వాడ్రన్లు. మిగ్-21లు పోయాక మిగిలినవి 29. దీన్ని డబ్బు కొరత కింద జమకట్టేవాళ్లు మన సొంత యుద్ధ విమానం తేజస్ కథ చూడాలి. 2021 ఫిబ్రవరిలో 83 తేజస్ విమానాలకి దాదాపు 48,000 కోట్ల ఒప్పందం అయింది. డబ్బుంది, ఆర్డరుంది. అమెరికా కంపెనీ నుంచి మొదటి ఇంజన్ వచ్చింది 2025 మార్చిలో. మన సొంత కావేరీ ఇంజన్ 1989లో మొదలై, 2008లో తేజస్‌కి పనికిరాదని పక్కకి జరిగింది. ఇంజన్ పరిశోధన మీద ముప్పై ఏళ్లు పొదుపు చేసి, ఇప్పుడు అవతలివాడి క్యూలో నిలబడ్డాం. నా మటుకు నాకు మన రక్షణ ఖర్చులో ఇంతకన్నా పెద్ద లోటు కనిపించదు. శాతం పెంచితే ఒక్కసారిగా తీరే లోటు కాదిది.

చైనాతో డాలర్లలో పోల్చడంలో ఇంకో తిరకాసు ఉంది. జవాను జీతం, బియ్యం, బ్యారక్ కట్టే మేస్త్రీ కూలి, ఇవన్నీ రూపాయల్లో చవక. కాబట్టి మనుషుల సైన్యం విషయంలో మన డాలరు చాలా దూరం వస్తుంది. ఇంజను, చిప్పు, క్షిపణికి లక్ష్యం చూపే సీకర్ బయట కొంటే ప్రపంచ ధరే. చైనా రెండో రకం సామానులో చాలా భాగం ఇంట్లోనే చేసుకుంటోంది. అందుకని కాగితం మీద మూడున్నర రెట్లున్న తేడా, మనుషుల్లో చూస్తే తక్కువ, యంత్రాల్లో చూస్తే ఎక్కువ.

రక్షణ శాఖ రూపాయి ఎటు పోతోందో చూస్తే సగం ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. 2025-26లో కొత్త ఆయుధాలు, ఓడలు, విమానాలు లాంటి పెట్టుబడి ఖర్చుకి రూపాయిలో 26 పైసలు. పెన్షన్లకి 23 పైసల పైన, అంటే 1.6 లక్షల కోట్లు. జీతాలు, తిండి, ఇంధనం, మరమ్మతులు, మందుగుండు కలిపి 46 పైసల దాకా. పోలిక కోసం చెబుతున్నా, అదే ఏడాది కేంద్ర ఆరోగ్య శాఖకి దాదాపు లక్ష కోట్లు, విద్యకి 1.28 లక్షల కోట్లు. 2018లో అప్పటి సైనిక ఉపప్రధానాధికారి పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన లెక్క చాలామందికి గుర్తుండే ఉంటుంది: సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతది, 24 శాతం ఇప్పటిది, 8 శాతమే అత్యాధునికం.

పెన్షన్ మాట ఎత్తితే మా వైపు జనానికి కోపం వస్తుంది, రావాలి కూడా. శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో ఆ పెన్షన్ మీద నడిచే ఇళ్లు ఎన్నో. ఇరవయ్యేళ్లు మంచులో కాపలా కాసినవాడికి అది దయ కాదు, బాకీ. కాకపోతే పెన్షన్ కట్టినందువల్ల లాహోర్‌లోనో చెంగ్డూలోనో ఎవడూ వెనకడుగు వెయ్యడు. 2022లో తెచ్చిన అగ్నిపథ్ ఈ బరువు తగ్గించే ప్రయత్నమే అని అందరికీ తెలుసు. నాలుగేళ్లకి ముగ్గుర్ని ఇంటికి పంపి ఒకణ్ణి ఉంచుకునే పద్ధతిలో ఎల్-70 గురి పట్టడం నేర్చిన చెయ్యి ఎంతకాలం మిగులుతుంది అన్నది నా అనుమానం. డబ్బు మిగిల్చే ప్రతి పనీ నిరోధక శక్తిని మిగల్చదు.

మరీ ఎక్కువ పెట్టినవాళ్ల గతి సంగతి త్వరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే కాబట్టి. సోవియట్ యూనియన్ తన ఆర్థిక వ్యవస్థలో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా సైన్యానికి పోసిందని రకరకాల అంచనాలు. వేల అణ్వాయుధాలు చేతిలో ఉండగానే 1991లో కూలిపోయింది. పాకిస్తాన్ 700 కోట్ల డాలర్ల ఐఎంఎఫ్ అప్పు మీద నడుస్తూ, 2025 జూన్ బడ్జెట్‌లో మొత్తం ఖర్చు 7 శాతం కోసి, సైన్యానికి 20 శాతం పెంచుకుంది. మరోవైపు కోస్టారికా 1948లో సైన్యాన్నే రద్దు చేసి హాయిగా ఉంది. దానికి చైనా పొరుగు లేదు, ఆ ప్రాంతంలో అమెరికా నీడ ఉంది. మనకి ఆ దారి లేదు.

మరి ఎంత కావాలి? నన్నడిగితే, ఇప్పుడున్న రెండు శాతం నుంచి రెండున్నర మధ్య చాలు, పెరిగే ప్రతి రూపాయీ ఇంజన్లకి, చవక డ్రోన్ నిరోధానికి, సరిహద్దు రోడ్లకి, మందుగుండు నిల్వకి పోతేనే. అది జీతాల పద్దులోకో, చివరి నిమిషంలో విదేశాల నుంచి హడావుడిగా కొనే సామానులోకో పోయేటట్టయితే మూడు శాతం ఇచ్చినా కార్గిల్ శిఖరం ఖాళీగానే ఉంటుంది. అణ్వాయుధాల విషయంలో మన 2003 విధానం ముందుగా వాడం, నమ్మదగినంత కనీస నిల్వ ఉంచుకుంటాం అంటుంది. సిప్రి అంచనాలో 2025 జనవరి నాటికి మన దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170, చైనా దగ్గర 600 వార్‌హెడ్లు. చైనా 600 కి వెళ్లిందని మనం 600 చెయ్యనక్కర్లేదు. తొలి దెబ్బ తిన్నాక కూడా కొట్టగలిగేవి కొన్ని మిగిలితే చాలు, అందుకే సముద్రం కింద తిరిగే అరిహంత్ లాంటి జలాంతర్గాముల మీద పెట్టే డబ్బు నాకు దండగ అనిపించదు.

ఇక మల్కన్‌గిరి. చిత్రకొండ దగ్గర బలిమెల రిజర్వాయర్ నీళ్లు 150 దాకా పల్లెల్ని మూడు వైపులా చుట్టేసి బయటి ప్రపంచం నుంచి విడదీశాయి. కటాఫ్ ఏరియా అని పేరే పడిపోయింది. ఆంధ్ర సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఆ అడవి మావోయిస్టులకి ఎన్నో ఏళ్లు కంచుకోట. 2008 జూన్ 29న అదే రిజర్వాయర్‌లో పడవ మీద వెళ్తున్న గ్రేహౌండ్స్ బలగాల మీద కొండపై నుంచి కాల్పులు జరిపారు. 38 మంది చనిపోయారు. 2011లో మల్కన్‌గిరి కలెక్టర్ వినీల్ కృష్ణనే ఎత్తుకెళ్లారు. బీఎస్ఎఫ్ వచ్చింది, క్యాంపులు వచ్చాయి, హెలికాప్టర్లు తిరిగాయి. పరిస్థితి మలుపు తిరిగింది మాత్రం 2018 జులై 26న గురుప్రియ వంతెన తెరిచాక. 910 మీటర్ల పొడవు, ఖర్చు 187 కోట్ల చిల్లర. సునాబెడ ఇంజన్లు రెండింటి ధర కంటే తక్కువ. వంతెన మీదుగా అంబులెన్సు, రేషన్ లారీ, టీచరు, పోలీసు జీపు ఒకే దారిన లోపలికి వెళ్లాయి. ఆ పల్లెల్లో దాక్కోవడం కష్టమైంది.

ఆ వంతెనకి మొదటి శంకుస్థాపన 1982లో జరిగింది. నాటో అయితే ఇలాంటి వంతెనని 1.5 శాతం కోటాలో చూపించి మార్కులు కొట్టేస్తుంది. మన దగ్గర అది రాష్ట్రం ప్రజాపనుల పద్దు, బీఎస్ఎఫ్ క్యాంపులు హోం శాఖ పద్దు, గ్రేహౌండ్స్ పొరుగు రాష్ట్రం పోలీసు పద్దు. 1982 నుంచి 2018 దాకా ముప్పై ఆరేళ్ల ఆలస్యానికి అయిన ఖర్చు, ఈ మూడు పద్దుల్లో ముక్కలై పడి ఉంది తప్ప, రక్షణ బడ్జెట్‌లో ఒక్క లైనులో కూడా లేదు.